ఊఁ కొట్టేంత వ్యవధి

శామీర్‌పేటలో షేర్ ఆటో ఎప్పుడు కదులుతుందని అడిగితే ఊరికి కొత్తవాళ్లన్నట్టే. నిండినప్పుడు కదులుతుంది. అందరికంటే ముందొచ్చి కూర్చున్న మనిషి అందరికంటే ఎక్కువసేపు కూర్చుంటాడు. ఆ కూర్చున్న టైముకు ఎక్కడా లెక్క ఉండదు. లెక్కంతా డ్రైవరుది: ట్రిప్పుకు ఖర్చెంత, మనుషులెందరు. ఆయన్ను తప్పుపట్టడానికీ లేదు, ఒక్కరి కోసం బండి తీస్తే గిట్టుబాటు కాదు కదా. కానీ ఎవరైనా "ఈ రూట్లో ఆటోలు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి" అని రిపోర్టు రాస్తే, డ్రైవరు లెక్క చూసి రాశారా, మొదటి సీటు మనిషి గడియారం చూసి రాశారా అని అడగబుద్ధేస్తుంది.

వైర్‌లెస్ నెట్‌వర్కుల మీద పరిశోధన పత్రాలు చదువుతుంటే నాకు తరచూ ఈ అనుమానమే వస్తుంది. వాటిలో 'ఫ్రేమ్ అగ్రిగేషన్' అని ఒక అంశం ఉంది. వైఫైలో డేటా చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది. ఆ ముక్కలను ఫ్రేములంటారు. ఒక్కో ఫ్రేమునూ విడిగా పంపకుండా కొన్నిటిని మూటకట్టి ఒకేసారి పంపడమే అగ్రిగేషన్. మూట కట్టడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మల్టీమీడియాకు, అంటే మాటకీ బొమ్మకీ, వాటిలో ఏది మంచిదో పోల్చడం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కూడా చెల్లుబాటయ్యే ప్రాజెక్టు. ఎన్‌ఎస్-2, ఎన్‌ఎస్-3 లాంటి సిమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి, గ్రాఫులు అందంగా వస్తాయి, ముగింపులో ఒక విజేత తేలుతుంది.

నేను పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, వీలున్నప్పుడు పుస్తకాల గురించి రాసుకుంటాను. ఈ రెండు పనులూ కలిసే చోటు ఒకటుందనుకుంటాను. ఎవరైనా రెండిటిని పోల్చి ఒకటి గొప్పదన్నప్పుడు, ఏ కొలతతో కొలిచారు, ఆ కొలతలో ఎవరు కనపడకుండా పోయారు అని చూడటం. కథల పోటీ ఫలితాలకైనా అదే, ఫ్రేముల మూటలకైనా అదే.

* * *

ముందు, మూట కట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం.

వైఫైలో గాలి ఒక్కటే, మాట్లాడేవాళ్లు చాలామంది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. అందుకని ప్రతి పరికరం ఏదైనా పంపే ముందు కొంతసేపు చెవొగ్గి వింటుంది. గాలి ఖాళీగా ఉందనిపిస్తే, తనలాగే కాచుకున్న ఇంకొకరితో ఢీకొనకుండా లాటరీలాగా ఒక అంకె తీసుకుని అంతసేపు ఆగుతుంది. తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక ముందు సంకేతం పంపి, ఆ వెనక అసలు సరుకు పంపుతుంది. అందిందని అవతలి నుంచి జవాబొచ్చేదాకా మళ్లీ ఆగుతుంది. ఇదంతా ఒక్క ఫ్రేము కోసం.

54 మెగాబిట్ల పాత 802.11ఏ ప్రమాణంలో దీన్ని లెక్కేయొచ్చు. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షవ వంతు. వినడానికి 34 మైక్రోసెకన్లు. లాటరీ సగటున 67.5. గొంతు సవరింపు 20. జవాబుకు ముందు విరామం 16, జవాబుకు 28. ఇప్పుడు అందులో ఒక ఫోన్‌కాల్ ముక్క పెట్టండి. పాత పద్ధతి డిజిటల్ వాయిస్‌లో ఇరవై మిల్లీసెకన్ల మాట 160 బైట్లు. దానికి చిరునామాలన్నీ తగిలిస్తే గాలిలో 36 మైక్రోసెకన్లు పడుతుంది. మొత్తం కలిపి దాదాపు 200. అందులో అసలు మాటకు పట్టేది 24 మాత్రమే. అంటే ఎనిమిదో వంతు. మిగతాదంతా మర్యాదలు.

వేగం పెంచితే సరిపోదా? సరిపోదు. వేగం పెరిగితే సరుకు మోసే కాలం తగ్గుతుంది కానీ, మర్యాదల కాలం అలాగే ఉంటుంది. 300 మెగాబిట్ల వేగంలో 1,500 బైట్ల పెద్ద ఫ్రేము నలభై మైక్రోసెకన్లలో అయిపోతుంది. ముందూ వెనకా ఆగడాలు మాత్రం 185 దాకా ఉంటాయి, పైగా ఈ కొత్త ప్రమాణంలో గొంతు సవరింపు ఇంకా పొడుగు. అట్టపెట్టె మీద 300 అని ఉన్నా చేతికొచ్చేది 53. అందుకే 2009లో ఆమోదం పొందిన 802.11ఎన్ ప్రమాణం మూట కట్టడాన్ని తప్పనిసరి అవసరంగా గుర్తించింది. అలాంటి ఫ్రేములు ముప్పైరెండు కలిపి ఒకే మర్యాదతో పంపితే అదే 53 కాస్తా 250 దాటుతుంది. కాగితం మీద లెక్కేసుకున్నా తేలే విషయమిది. మూట కట్టడం వల్ల లాభం నిజమైనది, పెద్దది. దాన్ని కాదనడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

* * *

ఇక ఆ రెండు పద్ధతులు. వాటి అసలు పేర్లు ఏ-ఎమ్‌ఎస్‌డీయూ, ఏ-ఎమ్‌పీడీయూ. పలకడానికే ఊపిరాడదు కాబట్టి ఇక్కడ మొదటిదాన్ని 'ఒకే కవరు' అనీ, రెండోదాన్ని 'కవర్ల కట్ట' అనీ పిలుచుకుందాం.

ఒకే కవరు పద్ధతిలో ఉత్తరాలన్నీ ఒక్క కవరులో పెట్టి, పైన ఒకే చిరునామా రాసి, ఒకే సీలు వేస్తారు. లోపల ఒక్కో ఉత్తరానికి 14 బైట్ల చిన్న చీటీ చాలు. 802.11ఎన్‌లో గరిష్ఠంగా 7,935 బైట్ల కవరు. చాలా పొదుపు. కానీ ఉన్నది ఒక్కటే సీలు. దారిలో ఒక్క అక్షరం చెరిగినా అవతలివాళ్లు కవరు మొత్తాన్ని పారేస్తారు, మళ్లీ అంతా పంపాలి.

కవర్ల కట్టలో ప్రతి ఉత్తరానికీ దాని కవరు, దాని చిరునామా, దాని సీలు ఉంటాయి. వాటిని దారంతో కలిపి కట్టి పంపుతారు. 65,535 బైట్ల దాకా కట్టొచ్చు. ఎక్కువ కాగితం ఖర్చే. కానీ ఒకటి తడిసినా మిగతావి పనికొస్తాయి. అందుకున్నవాళ్లు 'ఇవి అందాయి, ఇవి అందలేదు' అని అరవై నాలుగు ఉత్తరాల దాకా ఒకే జవాబులో చెప్పేస్తారు. పాడైనవి మాత్రమే మళ్లీ పంపితే చాలు.

గాలి బాగా లేనిచోట, లక్ష బిట్లకు ఒకటి చెరిగేచోట, తేడా ఎంతో చూడండి. నిండు కవరు క్షేమంగా చేరే అవకాశం వందలో 53. అంటే దాదాపు సగంసార్లు మొత్తం మళ్లీ మోయాలి. అదే గాలిలో కట్ట కట్టి పంపితే, 1,500 బైట్ల ఉత్తరాలు వందలో పన్నెండు దాకా పోతాయి, మిగతావి చేరతాయి. అందుకే చాలా పోలికల్లో కట్టే గెలుస్తుంది. 2013 నాటి 802.11ఏసీలోనైతే ఉత్తరం ఒక్కటే ఉన్నా కట్ట రూపంలోనే పంపాలన్నారు. గాలి శుభ్రంగా ఉండి, ముక్కలు మరీ చిన్నవైతే కవరు మెరుగు. రెండూ కలిపి, చిన్న చిన్న కవర్లను పెద్ద కట్టగా కట్టే మూడో పద్ధతీ ఉంది. 2008లో స్కోర్దూలిస్, మరికొందరు కలిసి రాసిన పత్రం ఈ పోలికలకు చాలామంది ఎత్తిచూపే మూలం.

ఒకే కవరుకు ఇంకో కథ కూడా ఉంది. ఈ కవరులో ఒక్క ఉత్తరమే ఉందా, చాలా ఉన్నాయా అని చెప్పే గుర్తు ఒక బిట్టు. మిగతా సరుకుకు తాళం వేశారు గానీ, ఆ ఒక్క బిట్టుకు చాలాకాలం రక్షణ లేదు. దాన్ని తిరగేస్తే ఒక ఉత్తరాన్ని పది ఉత్తరాలుగా చదివించి, మధ్యలో దొంగ ఉత్తరం ఇరికించొచ్చని మాథీ వాన్‌హోఫ్ 2021లో బయటపెట్టాడు. పొదుపు కోసం కలిపి కట్టినప్పుడు, ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైందో చెప్పే గీతే అన్నిటికంటే ముఖ్యమైనదవుతుందన్నమాట.

* * *

ఇంతవరకూ ఆటో డ్రైవరు లెక్క. ఇప్పుడు మొదటి సీటు దగ్గరికి వద్దాం.

మల్టీమీడియా అనే మాట కింద పత్రాలు రెండు వేర్వేరు జాతులను ఒకే గాటన కట్టేస్తాయి. సినిమా, క్రికెట్టు లాంటివి ఒక జాతి. ఫోన్‌లోని ప్లేయరు కొన్ని సెకన్ల బొమ్మను ముందే తెచ్చిపెట్టుకుంటుంది. మధ్యలో అర సెకను ఆలస్యమైనా చూసేవాళ్లకు తెలీదు. వీటిని ఎంత పెద్ద మూట కడితే అంత మంచిది. మాట రెండో జాతి. ప్రతి ఇరవై మిల్లీసెకన్లకూ ఒక చిన్న ముక్క పుడుతుంది, అప్పుడే వెళ్లాలి. ఎనిమిది ముక్కలు నిండేదాకా ఆగి మూట కడదామనుకుంటే మొదటి ముక్క 140 మిల్లీసెకన్లు కూర్చోవాలి. పోనీ పదిమంది మాటలు కలిపి కడదామంటే కుదరదు. మూటలోవన్నీ ఒకే పరికరానికి చేరాల్సినవై ఉండాలి. పది ఫోన్లకు పది కాల్స్ వెళ్తుంటే అవి పది దారులు పట్టే ప్రయాణికులు, ఒక ఆటోలో పట్టరు.

ఈ రెండు జాతుల తేడాను మా ఇంట్లో అందరికంటే ముందు పట్టుకున్నది మా నాయినమ్మ.

మా ఇల్లు లాల్‌గడి మలక్‌పేటలో. శామీర్‌పేట మండలం. 2016లో జిల్లాలు విడదీసేదాకా రంగారెడ్డి, ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి, తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ అన్నీ దగ్గరే. నాయినమ్మ ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు ఇవేవీ లేవు, చెలకలూ మడులూ ఉండేవి. ఆ చెలకలకు ఒక్కోదానికీ ఒక పేరు. సర్వే నంబర్లు పట్టాల్లో ఉన్నాయి గానీ, ఆ పేర్లు ఏ పట్టాలోనూ లేవు. ఏ చెలక ఏ పేరుతో పిలిచేవారో, ఆ పేరెందుకు వచ్చిందో, ఏ బాయి దగ్గర ఎవరికి ఎవరితో కయ్యమైందో, ఇవన్నీ మా ఇంట్లో ఆమె ఒక్కతికే తెలుసు. ఎనభై దాటింది.

మా చెల్లె డాలస్ దగ్గర ఉంటుంది. కొడుకు పుట్టాక దానికి ఈ పేర్ల మీద ధ్యాస పడింది. ఆదివారం ఆదివారం నాయినమ్మతో మాట్లాడి రాసుకుంటానంది. మనకు రాత్రి ఎనిమిదైతే వాళ్లకు పొద్దున. నాలుగు వారాలు బాగానే పట్టుపట్టింది. తర్వాత నాయినమ్మే తప్పించుకోవడం మొదలుపెట్టింది. "బాగున్నవా, తిన్నవా, పిలగాడు మంచిగున్నడా" అని మూడు ముక్కలు మాట్లాడి ఫోన్ అమ్మ చేతిలో పెట్టేసేది. ఏమైందే అని అడిగితే ఒకరోజు చెప్పింది.

"దానికి నా ముచ్చట బరువైనట్టున్నది బిడ్డా. ఊఁ కొడ్తలేదు."

చెల్లె ఊఁ కొడుతూనే ఉంది. నేను పక్కన కూర్చుని విన్నాను. నాయినమ్మ ఒక మాట చెప్పి ఆగుతుంది. ఊఁ రాదు. "ఇంటున్నవా?" అంటుంది. సరిగ్గా ఆ మాట మీద పడి వస్తుంది పాత ఊఁ. ఇదేదో అడ్డం మాట్లాడుతోందనుకుని ఆమె ఆగుతుంది. అటు చెల్లె కూడా, తను అడ్డొచ్చానేమోనని ఆగుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. మాట ఎక్కడా తెగలేదు. ప్రతి ముక్కా చేరింది. చేరాల్సిన వేళకు చేరలేదంతే.

ఊఁ అనేది చిన్న విషయం కాదు. మన దగ్గర కథ చెప్పేవాళ్లు ముందే షరతు పెడతారు, ఊఁ కొడితేనే చెప్తానని. ఒగ్గుకథలో మల్లన్న కథ నడిపే ప్రధాన కథకుడు ఒక మాట అని ఆగితే పక్కవాళ్లు అందుకోవాలి. బుర్రకథలో వంతలు అందుకోవాలి. అందుకోవడం ఒక్క లిప్త ఆలస్యమైతే కథ కుంటుతుంది. నాయినమ్మ పెరిగింది ఆ కథల మధ్య. వినేవాళ్ల ఊఁ ఆమెకు మెచ్చుకోలు కాదు, తర్వాతి మాటకు మెట్టు. ఆ ఊఁ పావు సెకను సాగుతుందనుకుంటే, నెట్‌వర్కు లెక్కలో పన్నెండు చిన్న ముక్కలు. ఇంట్లో ప్రవహించే డేటాలో అంతకంటే తక్కువ బరువున్నది ఇంకోటి ఉండకపోవచ్చు.

* * *

ఎంత ఆలస్యమైతే సంభాషణ చెడుతుంది? అంతర్జాతీయ టెలికాం యూనియన్ జీ.114 అనే సిఫారసులో ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్ల లోపుంటే చాలామందికి ఇబ్బంది తెలీదంది. ఇక్కణ్నుంచి డాలస్‌కు నేరుగా గీత గీసినా దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఏ అడ్డంకీ లేకుండా పోయినా 70 మిల్లీసెకన్లు. సముద్రం కింద కేబుళ్లు నేరుగా పోవు, కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువ. మాటను అంకెలుగా మార్చడానికి కొంత, అటు దిగాక ముక్కలను వరుసలో పెట్టుకోవడానికి కొంత. ఇవన్నీ పోగా మన ఇంటి వైఫై వాడుకోవడానికి మిగిలేది చాలా కొంచెం. సముద్రాన్ని మనమేం చేయలేం. చేయగలిగిందల్లా ఇంట్లోనే.

ఇంట్లో చూస్తే, పైన కిరాయికుండే పిల్లలు కంపెనీలో షిఫ్టు దిగి వచ్చి ఆదివారం రాత్రి మ్యాచో సినిమానో పెట్టుకుంటారు. వాళ్ల తప్పేముంది, వారమంతా పనిచేసినవాళ్లు. ఆ సమయంలో నాయినమ్మ గది నుంచి కొలిచాను. అమెరికాకు కాదు, గోడవతల ఉన్న రూటర్‌కే. మామూలప్పుడు రెండు మూడు మిల్లీసెకన్లు పట్టేది ఆ వేళకు వందల్లోకి పోయింది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి ఫోన్ చేస్తే, "స్పీడ్ టెస్టులో ఫుల్ వస్తుంది కద సార్, ఇంకేం కావాలె?" అన్నాడు ఆ అబ్బాయి. అతను చూపించింది డ్రైవరు లెక్క. అందులో అబద్ధమేమీ లేదు.

వందల మిల్లీసెకన్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? మూట ఒక్కటే అయితే అంత కాదు. 65,535 బైట్ల కట్ట 300 మెగాబిట్ల వేగంలో 1.75 మిల్లీసెకన్లలో పోతుంది. సిగ్నల్ పలచబడ్డ మూలగదిలో, 6.5 మెగాబిట్ల వేగంలో, అదే కట్టకు 80 మిల్లీసెకన్లు కావాలి. అందుకే ప్రమాణాలు బైట్ల మీదే కాదు, గాలిని పట్టుకునే కాలం మీద కూడా హద్దు పెట్టాయి. 802.11ఏసీలో ఒక్క ప్రసారం 5.484 మిల్లీసెకన్లు మించకూడదు. అయితే ఇబ్బంది మూటలో కన్నా మూట వెనకున్న క్యూలో ఉంది. మూట పెద్దది కావాలంటే క్యూలో ఎప్పుడూ సరుకు సిద్ధంగా ఉండాలి. కాబట్టి రూటర్ చేసేవాళ్లు క్యూను పొడుగ్గా పెడతారు. క్యూ పొడుగైతే గ్రాఫులో గీత పైకి పోతుంది. ఆ క్యూ చివర వచ్చి నిలబడుతుంది నా చెల్లెలి ఊఁ, ముందున్న సినిమా మూటలన్నీ పోయేదాకా.

దీనికి నెమ్మది ఫోన్లు తోడవుతాయి. ఫోన్లన్నిటికీ సమానంగా వంతులిస్తే, నెమ్మది ఫోన్ తన వంతులో గాలిని ఎక్కువసేపు పట్టుకుని వేగంగలవాళ్లను కూడా తన వేగానికి లాగేస్తుందని 2003లో గ్రెనోబుల్‌కు చెందిన హ్యూస్, ఆయన సహచరులు చూపించారు. వంతులు సమానమైనా కాలం సమానం కాదు.

మందు కూడా పరిశోధకులే కనిపెట్టారు. స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయానికి చెందిన టోకే హోయ్‌లాండ్-యోర్గెన్‌సెన్, మరికొందరు కలిసి 2017లో లినక్స్ వైఫైలో క్యూలను తిరగరాశారు. ఒక్కో ప్రవాహానికి ఒక్కో వరుస, పొట్టి వరుసకు ముందు దారి, వంతు బదులు గాలి కాలం సమానంగా పంచడం, తర్వాత వెళ్లే మూటలను ఒకటి రెండుకు మించి ముందే పేర్చి పెట్టకపోవడం. ఒత్తిడి ఉన్నప్పటి ఆలస్యం పదో వంతుకు పడిపోయింది. మూటలు కట్టడం మానలేదు. పలు పరికరాలున్నప్పుడు మొత్తం వేగం కూడా పెరిగింది. ఈ మార్పులున్న ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్లు రెండు తెచ్చి, ఒకటి హాల్లో, ఒకటి నాయినమ్మ గది గుమ్మం దగ్గర పెట్టాను. వందల్లో ఉన్న అంకె ఆదివారం రాత్రి కూడా పదుల్లోకి దిగింది.

ఆ కోడ్‌లో నాకు నచ్చిన చోటు ఇంకొకటుంది. 2005 నాటి 802.11ఈ సవరణ సరుకును నాలుగు వరుసలు చేసింది: మాట, బొమ్మ, మామూలు, వెనకబడ్డా ఫరవాలేనివి. మామూలు సరుకు సున్నా నుంచి పదిహేను దాకా అంకెల లాటరీ వేసుకుంటే, మాట సున్నా నుంచి మూడు దాకానే వేసుకుంటుంది. అంటే దాని వంతు తొందరగా వస్తుంది. ఇక లినక్స్‌లో మిన్‌స్ట్రెల్ అనే భాగం ఉంది, వైఫై వేగాన్ని ఎంచుకునేది. మూట కట్టే ఒప్పందాన్ని మొదలుపెట్టే చోట అది ఒకప్పుడు ఒక షరతు చూసేది: ఈ ఫ్రేము మాట వరుసలోనిదైతే, మూట ఆలోచనే వద్దు, వెనక్కి వెళ్లు. ఒక్క వరుస కోడ్. ఏ పద్ధతి గొప్పదన్న పోలికల తర్వాత, ఎవరో మాట దగ్గరికొచ్చేసరికి ఏ పద్ధతీ వద్దని రాసి ఊరుకున్నారు.

* * *

ఇప్పుడు ఆ పోలికల దగ్గరికి మళ్లీ వెళ్తాను, విమర్శకుడి కళ్లద్దాలు పెట్టుకుని.

వాటిలో చాలావాటికి మొదటి గ్రాఫు త్రూపుట్. సెకనుకు ఎన్ని బిట్లు చేరాయి. రెండో గ్రాఫు సగటు ఆలస్యం. సగటు అనేది చాలా మర్యాదస్తురాలు, ఎవరి బాధనూ పైకి చెప్పదు. తొంభై తొమ్మిది ఊఁలు వేళకొచ్చి ఒక్కటి అర సెకను ఆలస్యమైతే సగటు కదలనే కదలదు, నాయినమ్మ మాత్రం ఆగిపోతుంది. కాబట్టి నూటికి ఒక్కసారి ఎదురయ్యే ఆ చెడ్డ ఆలస్యం ఎంతో చెప్పని పోలికను మాటకు సంబంధించిన పోలికగా నేను లెక్కేయను.

అంతకంటే లోతైన సంగతి సిమ్యులేటర్‌లో ఉంది. అందులో 'వాయిస్ ట్రాఫిక్' అంటే చాలాసార్లు ఇరవై మిల్లీసెకన్లకొకటి చొప్పున ముక్కలు చిమ్మే ఒక కుళాయి. దానికి వినేవాడు లేడు. అది ఎవరి ఊఁ కోసమూ ఆగదు, జవాబు రాకపోతే నొచ్చుకోదు, ఫోన్ అమ్మకిచ్చి లేచిపోదు. ఆలస్యాన్ని మనిషి తృప్తిగా మార్చి అంచనా వేసే జీ.107 లాంటి సూత్రాలున్నాయి, కొన్ని పత్రాలు వాడతాయి కూడా. ఆ పత్రాలు చదివితే తేడా వెంటనే తెలుస్తుంది. విజేత ఎవరన్న తొందర తగ్గి, ఎంత రద్దీలో ఎవరికేమవుతుందన్న ఓపిక కనపడుతుంది.

ఇంకో వైపు నుంచీ న్యాయంగా చెప్పాలి. మూటలే లేకపోతే మాట బాగుపడుతుందనుకోవడం పొరపాటు. పైన పిల్లల సినిమా ఒక్కొక్క ఫ్రేముగా వెళ్తే గాలంతా దాని మర్యాదలతోనే నిండిపోతుంది, మాటకు సందే దొరకదు. వాళ్ల సరుకు కట్ట కట్టి త్వరగా పంపించేయడం వల్లే మధ్యలో ఖాళీ పుడుతుంది. కాబట్టి సినిమాకు కట్ట, పెద్దది కట్టండి, వీలైతే లోపల చిన్న కవర్లు పెట్టి కట్టండి. మాటను మాత్రం మూట కోసం ఆపకండి, మూటల వెనక నిలబెట్టకండి. 'కవరా, కట్టా' అన్న ప్రశ్నకు మల్టీమీడియా అంతటికీ కలిపి ఒకే జవాబు లేదు. ఎందుకంటే మల్టీమీడియా ఒక్కటి కాదు. ఒకటి చూసేవాళ్ల కోసం, ఒకటి ఇద్దరి మధ్య.

ఇదేమంత పెద్ద సంగతి అనిపించొచ్చు. కానీ మన ఊళ్లలో పిల్లలు బయటి దేశాల్లో ఉన్న ఇళ్లు ఎన్నో లెక్కేసుకోండి. ఆ ఇళ్లలో పెద్దవాళ్లు ఒక వయసు దాటాక ఫోన్‌లో పొడుగ్గా మాట్లాడటం మానేస్తారు. చెవి పోయిందనుకుంటాం, ఓపిక లేదనుకుంటాం, పిల్లలు మారిపోయారని వాళ్లనుకుంటారు. అందులో కొంత వయసుదే కావచ్చు. కొంత మాత్రం ఎవరి లెక్కలోకీ రాని ఆ మిల్లీసెకన్లది. ఎవరూ కావాలని చేసింది కాదు. కొలిచేటప్పుడు వాళ్లను కొలవలేదు, అంతే.

నాయినమ్మకు రూటర్ సంగతి చెప్పలేదు. చెప్పినా ఆమెకు అక్కర్లేదు. మొన్న ఆదివారం అరగంట పైగా మాట్లాడింది. తుమ్మల చెలక దగ్గర మొదలుపెట్టి, మోటబాయి కింది మడిలో ఒక ఎండాకాలం జరిగిన పంచాయితీ దాకా పోయింది. మధ్యలో ఒక్కసారి కూడా "ఇంటున్నవా" అనలేదు. ఫోన్ పెట్టేశాక, "ఇప్పుడు మంచిగ ఇంటున్నది పిల్ల" అని మంచం మీద వాలింది. చెల్లె రాసుకున్న కాగితం ఫొటో తీసి పంపింది. ఇప్పటికి పదకొండు పేర్లయ్యాయి. చెరువు కింది పొలాలు ఇంకా మొదలే పెట్టలేదు.